తాళం తీసినా ఆగని ఇంజిన్

ఈ మధ్య జగదల్‌పూర్‌లో ఐటీఐ పూర్తిచేసిన కుర్రాళ్ళు కొందరు మా ఇంటికి వస్తున్నారు. పెద్ద కార్ల షోరూముల్లో టెక్నీషియన్లుగా చేరబోతున్నారట. "అంకుల్, మీ అనుభవం చెప్పండి" అంటారు. ప్రమోషన్ ఎప్పుడొస్తుంది, రాయపూర్ ట్రైనింగ్‌లో ఏం అడుగుతారు అన్నది వాళ్ళ ఆత్రం. అవి ఎవరైనా చెబుతారు. స్కానర్ ఎలా తగిలించాలో, కోడ్ ఎలా చదవాలో కూడా ఎవరో ఒకరు నేర్పుతారు. నాకు బాగా తెలిసింది భయం. నా ఉద్యోగంలో సగం అదే. రిటైరయ్యాక కూడా అది నన్ను వదల్లేదు. పక్కవీధిలో ఎవరి బండైనా ఉన్నట్టుండి రొద పెంచిందంటే చాలు, చేతిలో టీ గ్లాసు కింద పెట్టేసి గుమ్మంలోకి వెళ్ళి చూస్తాను. మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీ.

గనిలో నేర్చుకున్నది

మా నాన్న ఆంధ్ర నుంచి వచ్చి ఇక్కడి ఇనుప గనుల టౌన్‌షిప్‌లో స్థిరపడ్డాడు. నేను అక్కడే డంపర్ల షెడ్డులో ఫిట్టర్‌గా చేరాను. మా ఫోర్‌మన్ పాపారావు గారు. నోరు తెరిస్తే తిట్టు తప్ప ఇంకోటి రాదు. ఆయన దగ్గర పనిచేసిన వాళ్ళెవరూ ఆయన్ని మర్యాదస్తుడని అనరు గానీ, పని రాదని కూడా ఎవరూ అనలేదు.

ఒకరోజు షెడ్డులో ఒక డంపర్ ఇంజిన్ అదుపు తప్పింది. డీజిల్ ఇంజిన్లకి ఈ జబ్బు ఒకటుంది. పెట్రోలు ఇంజిన్‌లో మంట రాజెయ్యడానికి ప్లగ్గు ఉంటుంది, తాళం తిప్పితే ప్లగ్గుకి కరెంటు ఆగిపోతుంది, కథ ముగుస్తుంది. డీజిల్‌కి ప్లగ్గు లేదు. గాలీ, కాలడానికి ఏదో ఒక నూనే దొరికితే చాలు. ట్యాంకు నుంచి డీజిల్ ఆపేసినా, లోపలున్న ఇంజిన్ ఆయిల్ ఏ దారినైనా గాలి గొట్టంలోకి చేరిందంటే దాన్నే తాగుతూ తిరుగుతుంది. ఎంత తాగితే అంత వేగం. చివరికి తనని తానే ముక్కలు చేసుకుంటుంది.

ఆ రోజు షెడ్డులో అందరం పరుగెత్తాం. మాతోపాటు పనిచేసే సుందర్రావు మాత్రం ముందుకురికి గాలి గొట్టం మూతికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. అది చేతిని లోపలికి లాగేసింది. పాపారావు గారు ఎక్కడినుంచో ఒక చెక్క పట్టుకొచ్చి, సుందర్రావుని పక్కకి ఈడ్చి, చెక్కని మూతికి అదిమిపెట్టాడు. గాలి అందక ఇంజిన్ ఆగిపోయింది. ఆ పూటంతా ఆయన మమ్మల్నందరినీ నానా తిట్లూ తిట్టాడు. సాయంత్రం టౌన్‌షిప్ ఆస్పత్రి గోడకి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సుందర్రావు ఆ తరవాత స్పానర్ పట్టలేదు.

పరుగు బళ్ళకి డీజిల్ మోజు

తరవాత నేను గనుల ఉద్యోగం వదిలి రాయపూర్‌లోని ఒక డీలరు దగ్గర చేరాను. బస్తర్ వైపు బళ్ళు చూడ్డానికి నన్ను జగదల్‌పూర్‌లోనే ఉంచారు. వాళ్ళు అమ్మేది ఒక విదేశీ స్పోర్ట్స్ కార్ల కంపెనీ బళ్ళు. రేసుల్లో గెలిచి పేరు తెచ్చుకున్న కంపెనీ. పెట్రోలు ఇంజిన్ అరుపు వినడానికే జనం వాటిని కొనేవారు. అలాంటి కంపెనీలు వరసగా డీజిల్‌లోకి దిగాయి. ఒకరు దిగితే ఇంకొకరు ఆగుతారా? కొనేవాళ్ళకి ఆ పేరు కావాలి, గుట్ట ఎక్కే బలం కావాలి, దానితోపాటు మైలేజీ కూడా కావాలి. కంపెనీ వాళ్ళు మాకు ట్రైనింగులో పదేపదే చెప్పిన మాట ఒకటే: డీజిలే గానీ డీజిల్ అని ఎవరూ పసిగట్టలేరు.

అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ ఇంజిన్ గొప్పది. మొదటిసారి జగదల్‌పూర్ నుంచి నగర్‌నార్ వైపు తీసుకెళ్ళి కాలు నొక్కితే, వీపు సీటుకి అతుక్కుపోయింది. ముచ్చటేసింది. వెంటనే భయం కూడా వేసింది. ఇంత బలాన్ని ఇంత చిన్న ఇంజిన్‌లో కుక్కితే, తేడా వచ్చినప్పుడు ఎవడు పట్టుకోగలడు?

ఈ బళ్ళకి పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. అది నిండితే బండి తనంతట తాను కొంచెం ఎక్కువ డీజిల్ పోసి, గొట్టాన్ని కుంపటిలా వేడెక్కించి, ఆ మసిని కాల్చేస్తుంది. అలా కాలాలంటే బండి ఆగకుండా కాసేపు జోరుగా పరుగెత్తాలి. వాళ్ళ దేశంలో పరుగెత్తే రోడ్లున్నాయి. మన బస్తర్‌లో మైలుకో చెక్‌పోస్టు, ఊరికో సంత, మలుపుకో పశువుల మంద. కాల్చడం మొదలుపెట్టాక సగంలో ఆపితే, మండని డీజిల్ కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఈ సంగతి పుస్తకంలో ఎక్కడో చిన్న అక్షరాల్లో రాశారు. అమ్మేటప్పుడు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడా కంపెనీలే డీజిల్‌ని వదిలేసి కరెంటు బళ్ళ వెంట పడ్డాయి. వాళ్ళకేం, దులుపుకుని పోయారు. వాళ్ళు అమ్మిన బళ్ళు చేతులు మారుతూ మారుతూ మన వైపే వచ్చి చేరాయి.

నూనె పెరిగే బండి

అలా చేరిన ఒక తెల్ల బండి బీజాపూర్‌లో కిష్టయ్య సేఠ్ ఇంటికొచ్చింది. సేఠ్ రోడ్ల కాంట్రాక్టరు, భోపాల్‌పట్నం వైపు తెలుగు కుటుంబం. బండి నడిపేది దుర్గయ్య. మద్దేడ్ దగ్గర దోర్లా గిరిజనుల పల్లెవాడు. ఇంట్లో దోర్లీ, సేఠ్‌తో తెలుగు, పోలీసులతో హిందీ. పెళ్ళయిన నాటి నుంచి అడవి రోడ్ల మీద జీపులు తోలినవాడు.

మన దగ్గర డ్రైవర్లకి ఒక కట్టుబాటు ఉంది, మీకూ తెలుసు. అడవి దారిలో బండి ఆగితే ఆగింది గానీ ఇంజిన్ మాత్రం ఆపరు. టీ తాగినా, టైరు చూసినా, మనిషి కోసం ఎదురుచూసినా ఇంజిన్ తిరుగుతూనే ఉండాలి. అడిగితే బ్యాటరీ వీకు అంటారు, సెల్ఫు పట్టదు అంటారు. పైకి చెప్పని కారణం ఇంకోటుంది, ఎప్పుడు పారిపోవాల్సి వస్తుందోనని. ఆ దారుల్లో పెరిగిన వాళ్ళెవరికీ దాన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. పాత జీపుకి దీనివల్ల పోయేదేమీ లేదు. ఈ బండికి మాత్రం అది విషం. నిలబెట్టి తిప్పే కొద్దీ మసి నిండుతుంది, కాల్చబోతుంది, కాలదు, డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది.

దుర్గయ్య పొద్దున్నే బానెట్ ఎత్తి కొలపుల్ల తీసి ఆయిల్ చూసుకునే మనిషి. జీపుల్లో ఎప్పుడు చూసినా తగ్గి ఉండేది, పోసేవాడు. ఈ బండిలో రోజురోజుకీ పెరుగుతోంది. అతనికి ఎంత సంబరమో! నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు.

"సారూ, గిసొంటి బండి నేను జూల్లే. నూనె తాగదు. పైకెల్లి పెరుగుతాంది. లచ్చుమవ్వ చెయ్యి మంచిదే, కొబ్బరికాయ ఆమెనే కొట్టింది."

లచ్చుమవ్వ సేఠ్ తల్లి. దుర్గయ్య మాట వినగానే, పెరిగేది నూనె కాదు డీజిలేనని తెలిసిపోయింది. బండిని కదపొద్దన్నాను. రాయపూర్ మేనేజర్‌కి చెబితే, సరే వెళ్ళి చూసి రా అన్నాడు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి బీజాపూర్ చేరాను.

వద్దన్న ప్రయాణం

నేను వెళ్ళేసరికి ఇంటి ముందు జనం. అంతకు ముందు రోజు లచ్చుమవ్వ వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోస్తూ జారి పడింది. తుంటి ఎముక విరిగింది. పల్లెలో కట్లు కట్టే ఆయన వచ్చి, తొడ కింద నున్నటి చెక్క ఒకటి పెట్టి, చీర పేలికలతో బిగించి కట్టాడు. ఆస్పత్రి డాక్టరు వెంటనే వరంగల్ తీసుకెళ్ళమన్నాడు. అంబులెన్సు ఇంకో కేసు మీద సుక్మా వైపు వెళ్ళింది, ఎప్పుడొస్తుందో తెలీదు. సేఠ్ అప్పటికే పని మీద వరంగల్‌లో ఉండి, ఆపరేషన్‌కి అంతా సిద్ధం చేయించాడు. ఊళ్ళో అవ్వని పడుకోబెట్టి తీసుకెళ్ళేంత వెడల్పు సీటున్న బండి ఆ తెల్లదొక్కటే.

నేను కొలపుల్ల తీసి చూశాను. ఆయిల్ గీత దాటి చాలా పైకి వచ్చింది. వేళ్ళ మధ్య రుద్దితే నీళ్ళలా జారింది, ముక్కుకి డీజిల్ వాసన కొట్టింది. ఈ బండి కదలడానికి వీల్లేదన్నాను. కనీసం ఎక్కువైన ఆయిల్ దించేద్దామని కింద దూరితే, అడుగు రేకు బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి. ఒకటి తలే ఊడిపోయింది. ఇక్కడ నేను బోల్టుతో కుస్తీ పడుతుంటే, అక్కడ అవ్వని మంచంతో సహా మోసుకొచ్చి వెనక సీట్లో పడుకోబెట్టేశారు.

మేనేజర్‌కి ఫోన్ చేశాను. "హైవే ఎక్కించి దౌడు తీయించు, అంతా కాలిపోతుంది. కస్టమర్ తల్లికి ప్రాణం మీదికొస్తే నువ్వు ఆయిల్ గురించి మాట్లాడతావా?" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఏసీ గదిలో కూర్చుని స్క్రీన్ మీద ఇంజిన్లు చూసేవాడు. ఇంజిన్ ఆ గదిలో ఉన్నా, అడవిలో ఉన్నా ఆయనకి ఒకటే. ఇలాంటి బాసులు మీకూ దొరుకుతారు. వాళ్ళతో వాదించి గెలవలేరు, కాబట్టి బండితో పాటు మీరూ వెళ్ళండి. నేనదే చేశాను. దుర్గయ్య పక్క సీట్లో కూర్చున్నాను.

మద్దేడ్ దారిలో

ఊరు దాటాక దుర్గయ్య వేగం పెంచాడు. కాసేపటికి బండి మసి కాల్చడం మొదలుపెట్టింది. ఫ్యాను గట్టిగా తిరిగింది, అడుగు నుంచి కాలిన వాసన వచ్చింది. ఇంకాస్త దూరం ఇలాగే పోనీ దేవుడా అని దణ్ణం పెట్టుకుంటూ ఉండగా గేటు. జవాను చెయ్యెత్తాడు. ఆ వాసనకి అతను రెండడుగులు వెనక్కి వేసి, ఇంజిన్ ఆపమని అరిచాడు. ఆ దారిలో కాలిన వాసన వస్తే ఎవరికైనా మొదట తట్టేది బాంబే. అతన్ని తప్పుపట్టలేను. ఆపాం, చూపించాం, బయల్దేరాం. మళ్ళీ మొదలు. మళ్ళీ ఇంకో గేటు.

వెనక అవ్వ ప్రతి గతుకుకీ మూలుగుతోంది. "దుర్గా, ఇంకెంత దూరం రా?" "అచ్చె అవ్వా, మద్దేడ్ వొచ్చినట్టే." ఇంజిన్ చప్పుడులో చిన్న తేడా వినిపిస్తోంది. ఎవరూ నొక్కకుండానే కాస్త పెరిగి తగ్గుతోంది. దుర్గయ్యకి చెప్పలేదు. చెబితే చేతులు వణుకుతాయి, అవ్వ వెనక ఉంది.

మద్దేడ్‌కి కాస్త ముందు ఇంకో చెక్‌పోస్టు. దుర్గయ్య బండిని పక్కకి తీసి నిలిపాడు. "గాడీ బంద్ కరో" అన్నాడు జవాను. దుర్గయ్య తాళం తిప్పాడు. డాష్‌బోర్డు మీద దీపాలన్నీ ఆరిపోయాయి. ఇంజిన్ ఆగలేదు.

ఆగకపోగా చప్పుడు పెరిగింది. ముందు మూలుగు, తరవాత కేక. వెనక నుంచి తెల్లటి పొగ లేచి గేటునీ, మనుషుల్నీ కప్పేసింది. జవాను తుపాకీ ఎత్తి గురిపెట్టి మళ్ళీ అరిచాడు, ఆపు, ఆపు అని. దుర్గయ్య తాళం తీసి కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూపించాడు.

"సాబ్, చాబీ నా చేతిలనే ఉంది! నేను బంద్ జేసిన సాబ్! ఇదే ఆగుతలేదు!"

తాళం మనిషి చేతిలో ఊగుతోంది, బండి అరుస్తోంది. నా జీవితంలో అంత భయం ఎప్పుడూ పడలేదు. ముందు తుపాకీ, కాళ్ళ కింద పగలబోయే ఇంజిన్, వెనక కదలలేని మనిషి. ఆపినప్పుడు గాలి దారిని మూసెయ్యాల్సిన రేకొకటి లోపల ఉంటుంది. మసి పట్టి అది ఎక్కడో సగంలో ఇరుక్కుంది. నేను హిందీలో బాంబు కాదు, ఇంజిన్ పాడైంది అని గొంతు చించుకుంటూ చేతులెత్తి దిగాను. జవాను నా మొహం చూశాడు, దుర్గయ్య చేతిలో తాళం చూశాడు. తుపాకీ దించాడు. ఇంకో జవాను మంట ఆర్పే సిలిండర్ కోసం క్యాంపు వైపు పరుగెత్తాడు. క్యాంపు దూరం. సిలిండర్ వచ్చేదాకా ఇంజిన్ ఉండదని నాకు తెలుసు. ఆ పొగలో ఒక్క నిప్పురవ్వ పడితే, కింద ఎండుగడ్డి, పైన అవ్వ.

బానెట్ ఎత్తాను. వేడికి కళ్ళు మండాయి. గాలి పెట్టె క్లిప్పులు విప్పి, మూత పారేసి, ఫిల్టర్ లాగేశాను. దాని వెనకున్న గాలి గొట్టం మూతి నోరు తెరుచుకుని గాలిని గుంజేస్తోంది. దుర్గయ్య దిగివచ్చి తన తువ్వాలు అందులో కుక్కాడు. వద్దని నేను అరిచే లోపే అది మాయమైంది. అప్పుడతను చెయ్యి చాచాడు. నాకు సుందర్రావు కనిపించాడు. దుర్గయ్య భుజం పట్టుకుని వెనక్కి లాగి పడేశాను.

"చెక్క కావాలి! బల్లచెక్క! ఏదైనా!"

చుట్టూ చూశాం. గేటు ఇనుపది. రోడ్డు పక్కన చెట్లే గానీ చెక్క లేదు. దుర్గయ్య నా వంక చూసి, వెనక తలుపు వైపు చూశాడు. నాకూ అప్పుడే తట్టింది. ఎలా చెప్పను?

తలుపు తీసి దుర్గయ్య ఏడుస్తూ నిలబడ్డాడు. "అవ్వా, నీ కాలు కింద చెక్క..."

"తియ్‌రా" అంది అవ్వ. "సూస్తవేంది? తియ్!"

అతను పేలికలు తెంపి లాగాడు. అవ్వ పెట్టిన కేక ఇంజిన్ కేకని మించి వినిపించింది. దుర్గయ్య చెక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. దాన్ని మూతికి అడ్డంగా పెట్టి, ఒంటి బరువంతా వేసి అదిమాను. చెక్క నా చేతుల కింద అదిరింది. ఇంజిన్ గొంతు పట్టేసినట్టు ఎగిరెగిరి దగ్గింది, బండి మొత్తం ఊగింది, ఆగిపోయింది. నా చేతులు మాత్రం చాలాసేపు చెక్క మీంచి రాలేదు. దుర్గయ్యే ఒక్కో వేలూ విడదీశాడు.

జీపు

అవ్వ సంగతి ముందే చెప్పేస్తాను, మీరు కంగారు పడకండి. ఆపరేషన్ అయింది. ఇప్పుడు చేతికర్రతో వాకిలంతా తిరుగుతోంది. కానీ ఆ రోజు అది ఇంకా ఎవరికీ తెలీదు.

చెక్కని మళ్ళీ కాలి కింద పెట్టి కట్టాం. అవ్వ పెదాలు తెల్లబడ్డాయి. సేఠ్‌కి ఫోన్ చేసి బండి పోయిందన్నాను. "బండి గంగల కలవనియ్యుండ్రి సార్, మా అమ్మ ఎట్లుంది?" అన్నాడు. తుపాకీ ఎత్తిన జవానే రోడ్డు మీద నిలబడి, భోపాల్‌పట్నం వెళ్తున్న ఒక జీపుని ఆపాడు. అందులో వాళ్ళంతా దిగి చోటిచ్చారు. నలుగురం కలిసి అవ్వని ఎత్తుకుని జీపు దాకా తీసుకెళ్ళాం.

జీపు ఇంజిన్ తిరుగుతూనే ఉంది. డ్రైవరు ఆపలేదు, ఆపడు కూడా. ఆ చప్పుడు వినగానే అవ్వ దుర్గయ్య మెడని రెండు చేతులా పట్టేసుకుంది.

"నేనెక్క. ఇది ఆగుతదా బిడ్డా?"

"ఆగుతది అవ్వా. ఇది పాత జీపే."

"అది గూడ ఆగుతదనే అన్నవ్. ఆపి సూపియ్యుమను."

డ్రైవరు తల అడ్డంగా ఊపాడు. "ఈడ ఆపుతే మల్ల లేవకుంటే ఏంది అవ్వా? సెల్ఫు మంచిగ లేదు. ఇంకో బండి ఎప్పుడొస్తదో ఏమో."

అతను చెప్పింది నిజమే. ఆ జీపు కూడా మొరాయిస్తే అవ్వకి ఇక దారి లేదు. కానీ ఆమె మెడ వదలదు, బలవంతంగా ఎక్కిస్తే ఆ భయానికే ఏమైపోతుందో అనిపించింది. నా భయానికి స్కానర్ ఉంది, పుస్తకం ఉంది, ఇన్నేళ్ళ పని ఉంది. ఆమెకి ఉన్నది చెవులొక్కటే. నేను డ్రైవరు దగ్గరికి వెళ్ళి, ఆపు బాబూ, ఏమైనా అయితే నాదే పూచీ అన్నాను. అతను నన్ను తిట్టుకుంటూనే తాళం తిప్పాడు.

జీపు ఒకసారి కుదిపి ఊరుకుంది. అడవి అంతా నిశ్శబ్దమైపోయింది. ఎక్కడో పిట్ట ఒకటి కూసింది. అవ్వ చాలాసేపు చెవి పెట్టి విన్నది. తరవాత ఆమె చేతులు మెల్లగా సడలాయి. వెనక సీట్లో పడుకోబెట్టాం.

డ్రైవరు తాళం తిప్పాడు. సెల్ఫు టిక్కుమంది, అంతే. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ అంతే. అతను నా వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది. దుర్గయ్య వెనక్కి వెళ్ళి భుజం ఆనించాడు. దిగిన ప్రయాణికులు వచ్చారు. జవాను తుపాకీని వీపున వేసుకుని వచ్చి నా పక్కన నిలబడ్డాడు. అందరం కలిసి నూకాం. జీపు కదిలింది, దొర్లింది, ఒక్క ఎగురు ఎగిరి లేచింది.

పొగలోంచి అవ్వ గొంతు వినిపించింది.

"ఇగ ఆపకుండ్రి. పోనియ్యుండ్రి."